జ్వరాల చార్టు మీద డిసెంబరు

మామిడి గుజ్జు ఫ్యాక్టరీ మూతబడినాక
డిసెంబర్లో నాకు పనుండదు.
గ్రీమ్స్‌పేటలో మా కింది వాటా
దీనమణి సిస్టరమ్మకు నిద్దరుండదు.
ముప్పై నాలుగేండ్లు రాత్రి డ్యూటీ చేసిన కండ్లు
పన్నెండైనా మూతపడవు.

అందుకని సినిమాలు.
పొద్దు గూకినాక నా ఫోనును
ఆమె స్టీలు డబ్బాకు ఆనించి,
మధ్యలో నానబెట్టిన అనపగింజల గిన్నె పెట్టుకుని
ఒక్కో గింజా పితుకుతా
ఒక్కో క్రిస్మస్సూ చూస్తాం.

రివ్యూ రాసేది ఆమే.
పాత వార్డు పడగొట్టేటప్పుడు
చెత్తలోంచి ఏరి తెచ్చుకున్న
జ్వరాల చార్టులు ఒక కట్ట ఉన్నాయి.
రోగి పేరు అన్న చోట సినిమా పేరు,
గళ్ళలో ఎర్ర పెన్సిలు చుక్కలు,
పది నిమిషాలకొకటి.
మనసు కదిలితే చుక్క పైకి.
లేకుంటే తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు దగ్గర
గీత పండుకునే ఉంటుంది.

మొదటి వారమంతా నార్మలే.
"ఏం మొగిలీ, ఇది మొన్నటిదే కాదా?"
కాదు సిస్టరమ్మా, ఆ పిల్లకు బేకరీ, ఈ పిల్లకు పూలంగడి.
పట్నంలో ఉద్యోగం, సొంతూర్లో మంచు,
గళ్ళ చొక్కా పిల్లోడు కట్టెలు కొడతా ఉంటాడు,
ఇరవై నాలుగో తేదీ రాత్రికి ముద్దు.
"అది సరే,
ఆ రాత్రి ఆ ఊర్లో ఎవురికీ నొప్పులు రావా?
పశువుల పాకలో కాన్పయిందనే కదా పండగ,
ఒక్క సినిమాలోనన్నా మంత్రసాని ఏదిరా?"
చుక్క దిగింది. తొంభై ఆరు.
పక్కన రాసింది:
పేషెంటు చల్లబడతా ఉన్నాడు.

మంచు మీద మాకు రోజూ తగాదా.
అది ఉప్పంటుంది ఆమె,
దూదంటాను నేను.
మాకు తెలిసిన మంచు
చర్చి మీది శిలువను మింగేసి
కాణిపాకం బస్సుకు పొద్దున్నే లైట్లేయించేది,
ఎండ ఒక్క చూపు చూస్తే లేచిపోయేది.
వాళ్ళ మంచు అట్ల కాదు.
కథకు ఎప్పుడు కావాల్నో
సరిగ్గా అప్పుడొస్తుంది.
దానికి నేను పదికి ఏడేస్తాను.
చెప్పుకోడానికి సిగ్గు గానీ,
బేకరీ పిల్ల ఏడిస్తే
అనపగింజ నా వేళ్ళలోంచి ఎగిరి
ఫోను అద్దానికి తగిలింది.
సిస్టరమ్మ నన్నొకసారి చూసి
నాకూ ఒక చార్టు తెరిచింది.
పేరు మొగిలి. మంచం గడప పక్క. నూటొకటి.

ఇరవై మూడో తేదీ
ఎక్కడిదో నలుపు తెలుపుది దొరికింది.
మాటలు తెలియవు. ఆస్పత్రి వరండా,
గోడకు ఎండిన ఆకుల దండ,
హీరో తల్లిని వెతుక్కుంటా పరిగెత్తుతా ఉంటే
వెనక, మసగ్గా,
తెల్లటోపీ మనిషొకామె
ట్రే పట్టుకుని ఎడం నుంచి కుడికి పోయింది.
మూడు సెకండ్లు.

"ఆపు."
వెనక్కి తిప్పినాను.
"ఇంకోసారి."
ఏడుసార్లు నడిచిందామె.
నాకు ట్రే కనిపిస్తా ఉంది,
సిస్టరమ్మకు ట్రేలో ఉండేవి:
"రెండు సూదులు, మూతబెట్టిన గిన్నె, గాజుగ్లాసు.
చూడు, పరిగెత్తడం లేదు.
పరిగెత్తితే వార్డంతా లేస్తుంది."

ఆ తల్లి దొరికిందో లేదో
మేం చూళ్ళేదు.
గింజలు పితక్కుండానే నానతా ఉండినాయి.
చార్టులో గళ్ళు నూటారుతో అయిపోతాయి.
ఆమె చుక్కను గళ్ళు దాటించి
పైన ఆస్పత్రి పేరు అచ్చేసిన చోట పెట్టింది.
పెన్సిలు ముల్లు విరిగింది.

తెల్లారి పితికిపప్పు కూర తెచ్చిచ్చి
"ఉప్పెక్కువైంది" అనింది.
అయింది.
చర్చిలో స్టారు కట్టాలంట,
నిచ్చెన పట్టుకోను రమ్మనింది.
మెట్లు దిగతా దిగతా నిలబడి,
"రాత్రికి బేకరీదేదన్నా పెట్టబ్బా,
నార్మల్ పేషెంట్లను కూడా చూసుకోవాల కదా."