సెలూన్ అద్దంల గిర్మాజీపేట

మంగళవారం మట్టెవాడల సెలూన్లు బందు.
సమ్మయ్య మాత్రం మాకోసం
షట్టర్ నడుమెత్తు లేపి పెడ్తడు.
వంగి లోపలికొస్తం, నలుగురం, ఒక్కోసారి ఇద్దరమే,
చంకల పాత వరంగల్‌ను పెట్టుకొని:
మిఠాయి డబ్బాల నేను,
ఎక్స్‌రే కవర్ల జహీరొద్దీన్ సాబ్,
తువ్వాల మూటల వేముల లక్ష్మీనర్సు.

నేను ఇంటిపన్ను గుమస్తాను. ముప్పై ఏండ్లు
గల్లీలను నంబర్లతోనే పిలిచిన.
పేర్లు ఇప్పుడు నేర్చుకుంటున్న.
సాబ్ కాజీపేట లోకోషెడ్డుల బొగ్గు మింగిన మనిషి.
ఫోటోల పొగ కనబడితే చాలు, ఏ బండిదో చెప్తనంటడు.
చెప్తడు కూడా.
కాదని రుజువు చేసెటోళ్లు ఎవలున్నరు?

గిర్రున తిరిగే కుర్చీల మీద కూసుంటం.
వాదన ముదిరితే
ఒకలకొకలం వీపు తిప్పుకునేందుకు అవి మంచిగ పనికొస్తయి.

నెల రోజుల సంది ఒకటే ఫోటో.
హంటర్ రోడ్డుల పాతసామాను దుకాణంల
కిలో కాయితాలతోటి తూకానికొచ్చింది.
వీధి మలుపు. కొయ్య వసారా ఉన్న మేడ. నీళ్ల పంపు.
పంపు పక్క పెద్ద అంగీ తొడుక్కున్న పోరడు.
నలుగురు ఆడోళ్లు, నవ్వుకుంట ఎదురొస్తున్నరు.
బోర్డున్న మూలను చెదలు తిన్నయి.
వెనక పెన్సిలుతో: ‘1961. మబ్బు.’
ఊరి పేరు రాయని మనిషి
మబ్బును రాసి పెట్టిండు.

‘గిర్మాజీపేట’ అన్నడు నర్సు.
‘అక్కడ మలుపు ఎడమకు. ఇది కుడికున్నది’ అన్న నేను.
‘అసలు వరంగలే కాదు, జమ్మికుంట’ అన్నడు సాబ్.
నర్సు రెండు వారాలు రాలే.
కొంగులు కుడి భుజం మీదున్నయని
మార్వాడీ ఆడోళ్లని తీర్మానించి
నోట్‌బుక్కుల రాసుకున్నం,
కింద ఎర్ర గీత కొట్టి మరీ.

మూడో మంగళవారం ఓదెమ్మ వచ్చింది.
మునిమనుమడి పుట్టెంట్రుకలకు సమ్మయ్యను పిలువనీకి.
షట్టర్ కింద ముందుగాల కట్టె కనబడ్డది, తర్వాత ఆమె.
పౌడరు డబ్బాకు, పటిక ముక్కకు నడుమ
ఫోటో కంటబడ్డది. తీసింది.
దగ్గర పెట్టుకున్నది. దూరం పెట్టింది.

‘నడిమిట్ల మా చిన్నమ్మ గదా.
మిల్లుల రీలింగు ఖాతా.’

‘మార్వాడీ...’ అనబోయిన.

‘నీ మొకం. పద్మశాలోళ్ల పిల్ల.
కొంగు కుడి దిక్కేసుడేంది, పిచ్చిదా?
గీ పోరని జేబు సుత కుడి దిక్కే.
ఆ దినం గుండెకాయలు సుత గటే పోయినయో ఏమో!’

నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వింది.
ఫోటోల నడిమామె కూడా
నోటికి చెయ్యే పెట్టుకున్నది.

సమ్మయ్య నెత్తి కొట్టుకున్నడు.
ఫోటో గుంజుకొని అద్దానికి చూపెట్టిండు.

వీధి తిరిగింది.
మలుపు ఎడమకొచ్చింది, పంపు దాని జాగల నిలబడ్డది,
కొంగులు ఎడమ భుజాల మీదికి చేరినయి.
నెగెటివ్‌ను ఎవలో తిరగేసి కడిగిండ్రు
అరవై ఏండ్ల కింద.
మేం గోడలు కొలిచినం, కరెంటు స్తంభాలు లెక్కబెట్టినం,
ఒక్క భుజం దిక్కు చూడలే.
వెనక బెంచీ మీద నర్సు ఏమనలే.
గెలిస్తే అతను ఏమనడు.

అద్దంల ఆ వీధి పైన మా మొకాలు:
నా బట్టతల, సాబ్ గోరింటాకు గడ్డం,
తన చిన్నమ్మ కంటే ముప్పై ఏండ్లు ముసలిదైన ఓదెమ్మ.
ఫోటో ఇయ్యిమని అడుగుతదనుకున్న.
ఇద్దామనీ అనుకున్న, ఇయ్యద్దనీ అనుకున్న.
అడగలే.

‘ముక్కుపుల్ల ఎర్రరాయిది. రాసుకోండ్రి’ అన్నది.
‘మబ్బు కాదు, వాన పడ్డది. జీతం దినం.
జిలేబి తెచ్చింది, పొట్లమంత నానిపోయింది.
కాయితంతోటే తిన్నం.’

మార్వాడీ కొట్టేసిన.
ఎర్ర గీత మీద ఇంకో గీత గీసి రాసిన:
గిర్మాజీపేట. ముక్కుపుల్ల ఎరుపు.
సాయంత్రం వాన.

సాబ్ కుర్చీ ఇటు తిప్పిండు.
‘చిన్నమ్మ పేరేంది?’

అప్పటిదాక మేం అడగనే లేదు.