ఆరోవంతు మనిషి

క్వున్ టాంగ్‌లో పాత ఫ్యాక్టరీ మేడ, పదకొండో అంతస్తు.
సరుకుల లిఫ్టులో చేపల వాసన,
కింద ఎవరిదో శీతల గిడ్డంగి.
పైన కిటికీ లేని గదిలో
పుల్లకి గుచ్చిన ఒక తలతో
ఔయెంగ్ పుయ్-షాన్
ముఖాముఖి కూర్చుని ఉంది.

ఉసిరికాయంత తల.
సినిమాలో ఒక నగరాన్ని భుజాన మోసిన వీరుడిది.
ఆ సినిమా ఆమె చూడలేదు.
ముఖాన్ని మాత్రం మూడు వందల ఫోటోల్లో చదువుకుంది.
చెవి వెనక నరం ఎటు మళ్ళుతుందో
వాణ్ణి కన్నతల్లికన్నా ఈమెకే బాగా తెలుసు.

ముఖంలో నెత్తురుచుక్క లేదు అంటాం కదా
పాలిపోయినవాళ్ళని చూసి,
ఈమె ముందుగా వేసేది నెత్తురే.
ముక్కు కొనకి, చెవి తమ్మెలకి, రెప్పల అంచులకి
పలుచని ఎరుపు.
దాని మీద నీలం, ఉందా లేదా అన్నంత.
దాని మీద పసుపు.
దాని మీద, అప్పుడు, చర్మం.
ఎనిమిది పొరలు వేశాక
వేసిందేదీ కనబడకూడదు.
అదీ పని.

పళ్ళు తోముకునే బ్రష్షుతో చిమ్మిన తుంపర
ఎండకి తేలిన మచ్చలవుతుంది.
రెండ్రోజుల గడ్డం
ఒక్కో చుక్కకీ ఒక్కో ఊపిరి బిగపట్టి.
కనుబొమ్మకి డెబ్బై గీతలు, ఎవరూ లెక్కపెట్టరు,
ఒకటి తప్పితే మాత్రం అందరికీ తెలుస్తుంది,
ఏం తప్పిందో చెప్పలేకపోయినా.

పక్క బల్ల దగ్గర సీటో మామ
బొటనవేలంత బూట్లని గరుకు కాగితంతో రుద్దుతున్నాడు.
ఒక్క అడుగూ వేయని కాళ్ళకి
అరిగిన మడమలు కావాలి.

చివరికి కళ్ళు.
కంటిపాప అని ఎవరు పేరు పెట్టారో గాని
నిజంగా పాపని పడుకోబెట్టినట్టే:
కాస్త పక్కకి జరిగితే మెల్ల,
కాస్త పైకి లేస్తే శవం.
కుదిరాక, కింది రెప్ప మీద
సూదిమొనతో ఒక్క చుక్క వార్నిష్.
తడి.

బొమ్మ ఆమెని చూసింది.
సీటో మామ టీ వంకతో లేచి వెళ్ళిపోయాడు.
ఇరవయ్యేళ్ళుగా ఈ పనిలోనే ఉన్నాడు,
ఆ క్షణానికి మాత్రం గదిలో ఉండడు.

మనమైతే ప్రాణం పోసింది అంటాం.
ప్రాణం పోయింది అనడానికి
ఒక్క అక్షరం దూరంలో నిలబడి.

మంగళవారం స్టూడియో నుంచి జవాబొచ్చింది:
పోలిక అద్భుతం. నిజం మనిషే అనుకున్నాం.
ఎడమ కంటి కింద ఆ అలసట మాత్రం
మా నటుడిది కాదు. తీసేయగలరు.

ఫోటోలన్నీ మళ్ళీ తిరగేసింది.
నిజమే, ఎక్కడా లేదు.
మరి ఎక్కణ్ణించి వచ్చింది చేతికి?
సాయంత్రం చేతులు కడుక్కుంటూ
నల్లా పైన పగిలిన అద్దంలో చూసింది:
భూతద్దం కుడి కంటికి బిగించి బిగించి
పదమూడేళ్ళుగా చికిలించిన ఎడమ కన్ను,
దాని కింద
అదే గీత, అదే వంపు, అదే బూడిద నీలం.

కొత్త తలకి ఆ గీత లేదు.
అనుమతి వచ్చింది, అచ్చులు కదిలాయి,
ఆమె నెల అద్దెలో సగం ధరకి
గాజు బీరువాల్లో, చిన్న దీపాల కింద
వేల మంది వీరులు అలసట లేకుండా నిలబడ్డారు.
పాతవాడు కుంచెల కప్పులో ఉండిపోయాడు.
పారేయమని ఎవరూ చెప్పలేదు.
ఓవర్‌టైం రోజుల్లో వాణ్ణి
గోడ వైపు తిప్పి పెడుతుంది.

రాత్రి పదింటి మెట్రోలో
ఎదుటి సీట్లో ఎవరో నిద్రపోతున్నాడు,
భద్రతా టోపీ ఒళ్ళో పెట్టుకుని.
ట్యూబులైటు కింద చర్మం మట్టిరంగు.
చెవి తమ్మెల్లో ఎరుపు చాల్లేదు, అనుకుంది,
మెడ దగ్గర ఇంకో పొర పడాలి.

బండి కుదుపుకి అతను కళ్ళు తెరిచాడు.
కింది రెప్ప మీద
తడి, ఇంకా ఆరలేదు.
ఆమె చప్పున కిటికీ వైపు తిరిగింది.