పొగ వంగిన వైపు

బెంజి సర్కిల్ దగ్గర ఏడో అంతస్తు.
ఏసీ పద్దెనిమిదిలో పెట్టినా గది చల్లబడదంటారు
పాటూరివారి పెద్దావిడ.
ఫ్యానాపి, జేబులోంచి అగరొత్తి తీసి వెలిగిస్తాను.
"కిటికీకి పూజ చేస్తావా ఏం?" అని నవ్వుతారు.
చేసినట్టే అమ్మా.
చట్రం అంచు వెంట మెల్లగా నడిపిస్తే
ఒకచోట పొగ ఉలిక్కిపడి పక్కకి వంగుతుంది.
అక్కడ, దారం పట్టేంత సందు.
మీ కరెంటు బిల్లు నడిచే దారి అదే.

రబ్బరు పట్టీ, సిలికాను, రెండు పొరల అద్దం,
నడుమ బంధించిన గాలి.
కదలని గాలే కాపలా.
ఈ పనిలో నాకబ్బిన వేదాంతం ఇంతే.

పొద్దుగూకాక గుణదల కొండ మెట్లెక్కుతాను.
నూట నలభై మెట్లు, రేకుల ఇల్లు.
పగలంతా తాగిన ఎండని
కొండరాయి అర్ధరాత్రి దాకా కక్కుతూనే ఉంటుంది
వడ్డీతో సహా.

ఒక ఆదివారం చర్చి నుంచి రాగానే హెప్సీబా
నా సంచిలోని టెంపరేచర్ గన్ లాక్కుని
పైకి గురిపెట్టింది: "రేకు యాభై ఎనిమిది!"
గోడ నలభై రెండు. బిందె ఇరవై తొమ్మిది.
మేక దొరకలేదు, పారిపోయింది.
నా నుదుటి మీద నొక్కి,
"బిందె తర్వాత నువ్వే చల్లన నాన్నా" అంది.

ఆ మాటకే కదూ,
ఫ్రిజ్జుల డబ్బాల్లోంచి పారేసిన థర్మాకోలు
నెలంతా ఏరుకొచ్చాను.
పొయ్యి బయటికి మార్చి, రేకు కింద వెదురుబద్దలు కట్టి
ముక్కకి ముక్క అతికించాను.
పైన దీనమ్మ సున్నం కొట్టింది రెండు కోట్లు,
అందులో కాస్త జిగురు, కాస్త నా మీద తిట్లు.
రేకు నలభై మూడుకి దిగింది.

పడమటి కిటికీ మిగిలింది.
ఇటుకలు పేర్చి మూసేద్దాం, ఎండంతా అటునుంచే కదా అన్నాను.
దీనమ్మ జవాబివ్వలేదు. పగలు తడి గోనె కట్టింది.
తెల్లవారుజామున, నేను నిద్రలో ఉన్నాననుకుని,
లేచి, గోనె ఎత్తి, రెక్క తెరిచింది.

అప్పుడొచ్చింది గాలి,
కృష్ణ ఇసకలో పడుకుని లేచిన గాలి,
కాస్త చేపల వాసనతో, వెనకే స్టేషన్లో రైలు కూతతో.

నేనూ లేచి ఆమె వెనక నిలబడి
ఊరికే అగరొత్తి వెలిగించాను.
పొగ మా వైపే వంగింది.
అలవాటుగా చెయ్యి సిలికాను కోసం వెతికింది.

"ఆ పాటూరివాళ్ల కిటికీ తెరుచుకుంటుందా?" అంది.
లేదన్నాను. బిగించేశాను.
"మరి వాళ్లకి నాలుగయినట్టు
ఎలా తెలుస్తుంది?" అంది.