ఎదుర్లంక వచ్చేలోపు

అమలాపురం చెవుల డాక్టరు
"భేషుగ్గా వినపడుతోందమ్మా" అన్నాడు.
నాకు తెలుసు.
లాకు తలుపులెత్తిన రాత్రి
నీళ్ల చప్పుడుకి పక్కమీద లేచి కూర్చునే పిల్ల.

రాజోల్లో బుద్ధిమాంద్యం అని రాశారు,
ఐదు నిమిషాల్లో, నిలబెట్టే.
"వాళ్ల నాన్నకీ ఐదేళ్లకే మాటొచ్చింది, ఆగవే" అంది అత్త.
ఆగాను. రెండు వరదలు వచ్చి పోయాయి.
పాస్టరుగారు నూనె రాశారు.
ఎవరో నా ఫోన్ని తిట్టారు, ఎవరో నన్ను.

కాకినాడలో ఆవిడ కుర్చీ దిగి
నేలమీద చతికిలబడింది.
చీపుళ్లకని నేను చీరిన కొబ్బరి ఈనెల్ని
సుహాసిని పొడుగు ప్రకారం పేరుస్తుంటే
గంటసేపు చూసింది. ఒక్కటీ కదపలేదు.
అప్పుడడిగింది: "పంటు ఎక్కితే ఏం చేస్తుంది?"

నాలుగేళ్లలో ఎవరూ అడగని మాట.
ఇక నా నోరు ఆగలేదు.
ఇంజను ఆగేదాకా చెవులు మూసుకోవడం,
పులుసు తెల్లన్నానికి తగిలితే ఆ పూట పస్తే,
అమ్మా అనదు, నా మోచెయ్యి పట్టుకుని
బిందె దగ్గరికి లాక్కెళుతుంది.
ఒకసారి పంటు మీద అందరి ముందూ కొట్టాను.
అదీ చెప్పేశాను.

ఆటిజం, అని రాసింది. కింద ఇంకా చాలా రాసింది.
నా తప్పు కాదని ఉందేమోనని
బస్సులో రెండుసార్లు వెతికాను.

యానాం దాటి వంతెనెక్కాం.
కిటికీలోంచి దీపస్తంభాలకి వేలు చూపిస్తూ
సుహాసిని ఒక్కోదానికీ తల ఊపుతోంది.
ఎప్పుడూ చెయ్యి లాగేసేదాన్ని.
ఇవాళ నేనూ లెక్కపెట్టాను.
ఎదుర్లంక వచ్చేలోపు
నాకు రెండుసార్లు తప్పింది.
దానికి తప్పలేదు.