సముద్రం కనబడే గది

మారతహళ్ళి పీజీ మేడమీద
ఆరీ ఆరని బట్టల కింద ఐదుగురం.
మధ్యలో చల్లారిన గోబీ మంచూరియా, నా ఫోను.

వర్కలా అంది షాహీన్.
గోకర్ణమైతే రాత్రి బస్సులో నిద్రపోవచ్చన్నాడు ఇమ్మానియేలు.
వాడికి మిగిలింది ఒకటిన్నర సెలవు,
ఆ అర దేనికి పనికొస్తుందో వాడి మేనేజరుకీ తెలీదు.

మూడు రాత్రులు రెండయ్యాయి.
ఏసీ పోయింది. పడవ షికారు పోయింది.
తలకి నాలుగువేల ఆరొందలని తేలాక
"నేను ఈసారికి..." అని హైమ ఆగిపోయింది.
ఎందుకని ఎవరూ అడగలేదు.
ఐదుతో భాగించినదాన్ని
చప్పుడు చెయ్యకుండా నాలుగుతో భాగించాను.
రావలసిందే, నోర్మూసుకో అంది షాహీన్.

"సముద్రం కనబడే గదికి
ఎనిమిదొందలు ఎక్కువట" చదివాను.

నూకరత్నం నవ్వింది.
"ఉప్పాడలో మాకూ కనబడేది.
మొదట రెండు వీధులవతల,
తర్వాత వాకిట్లోంచి,
ఆఖర్న వంటింట్లోంచి.
పైసా అడగలేదు.
ఇల్లే పట్టుకుపోయింది."

తీగమీద క్లిప్పులు టకటకలాడాయి.
రింగురోడ్డు మీద ఎవడో హారన్ మీంచి చెయ్యి తియ్యడు.
మామూలు గది చాలన్నాను.

ఫోను లాక్కుని తనే నొక్కింది:
"కనబడేదే తీస్కో.
ఇది పడమటి సముద్రం కదే,
దీనికి మా అడ్రసు తెలీదు."