సున్నా చీటీ

మిర్చియార్డులో ఇరవై రెండేళ్లు కాటా వేశాడు మా ఆయన.
టిక్కీ ఎత్తే ముందు ముల్లు సున్నా మీదికి రావాలనేవాడు,
రాకపోతే ఎంత తూచినా అబద్ధమేనట.

ఇప్పుడు తనే నిలవడు.
ఏటుకూరు రోడ్డులో గోడలు పట్టుకుని వస్తాడు,
మాట ముద్దలు ముద్దలుగా జారుతుంది.
"పొద్దున్నే బిగించాడ్రా శౌరయ్య" అని టీకొట్టు నవ్వింది.
వాళ్ల నాన్ననీ ఆ పేరుతోనే పాతిపెట్టారు.

పెద్దాసుపత్రి డాక్టరమ్మ ఫిల్ము వెలుగుకి పెట్టి చూపింది:
చిన్నమెదడట,
తాలుకాయలా ముడుచుకుపోయింది.
అటాక్సియా.
ఆ పేరు తిరగడానికి నా నోటికి మూడు రోజులు పట్టింది,
ఆయన నోటికి ఇక తిరగదు.

మొన్న రాత్రి పోలీసులు ఆపారు,
నడిచొచ్చే మనిషిని.
ఊదమన్నారు. ఊపిరి కూడా వంకర్లు పోయింది,
నాలుగోసారికి అందింది.
సున్నా.
కానిస్టేబులు మిషన్ని అరచేత్తో తట్టి మళ్లీ ఊదించాడు.
సున్నా.

ఆ చీటీ నాకివ్వండి బాబూ అన్నాను.
ఎండకి వెలిసిపోయే కాగితం,
తెల్లారకముందే జిరాక్సు షాపు ముందు కూర్చుని నలభై తీయించాను.
కింద నా రాత: ఇది జబ్బు. చెయ్యి అందించండి.
యార్డు గేటుకి, చర్చి బోర్డుకి, టీకొట్టు గోడకి అంటించాను.
ఒకటి మాత్రం బీరువాలో దాచాను.
మా రోజమ్మ పదో తరగతి,
నిన్న సైకిలు దిగుతూ, ఊరికే, తూలింది.

ఈ పొద్దున టీకొట్టతను ఏమీ అనలేదు.
గ్లాసులో సగమే పోసి ఇచ్చాడు,
ఒలక్కుండా.