పాటిమన్ను

జనవరి రెండో ఆదివారం, సఫోక్ తీరం.
కారు పార్కులో మావి రెండే కార్లు.
"బైనాక్యులర్స్ మెడలో వేసుకో,
చేత్తో పట్టుకుంటే వేళ్లు ఊడి పడతాయి"
అని కసిరింది మావిస్ కట్టింగ్.
ఆవిడకి డెబ్బై ఎనిమిది. నావి కొత్త బూట్లు.

రెల్లు ఎండి ఒకదాన్నొకటి రాచుకుంటోంది,
పక్కగదిలో ఎవరో పాత కాగితాలు వెతుకుతున్నట్టు.
"ఇది సోమరి గాలి" అంది మావిస్.
"చుట్టూ తిరిగి పోవడానికి బద్ధకం,
మనిషిలోంచే పోతుంది."
పోయింది.
స్వెట్టర్ల కింద నా పక్కటెముకలు ఎన్నో
దానికి తెలిసిపోయినట్టుంది.

మా పని కూడా అదే, లెక్క.
నెలకోసారి, నీళ్లు పాటు మీద ఉన్నప్పుడు,
బురద మీద వాలిన ప్రతి ప్రాణికీ ఒక నొక్కు.
అరచేతిలో చిన్న ఇనప మిషను: టిక్కు, టిక్కు.
కొడవలిముక్కు ఉల్లంకులు తొమ్మిది.
బ్రెంట్ బాతులు మూడువందల ఎనభై, ఎనభై ఒకటి,
ఎక్కడో ఓ కుక్క మొరిగింది,
బురదంతా ఒక్కసారి లేచి ఆకాశంలో కలిసింది.
"మళ్లీ మొదట్నుంచి" అంది మావిస్
విసుగనేది లేకుండా.
ముప్పై ఏళ్లుగా ఆవిడ మొదట్నుంచే లెక్కపెడుతోంది.

గులకరాళ్ల గట్టు దాటితే మార్‌హైత్.
మ్యాప్‌లో దాని పేరు వాలు అక్షరాల్లో ఉంది.
మనుషులున్న ఊళ్లవి నిటారు అక్షరాలు.

మిగిలినవి చెబుతాను.
చర్చిది ఒక గోడ.
నీళ్ల పంపు, పిడి లేకుండా.
మూడు మెట్లు, ఎక్కితే గాలి.
పొగగొట్టంలో కాకిగూడు, అదీ పోయినేడాదిదే.
ఇంకా, ఇళ్లు లేని చోట
తెల్లటి స్నోడ్రాప్స్, గీత గీసినట్టు.
ఎవరో తాడు కట్టి నాటారు.
తాడు పోయింది, కట్టిన చెయ్యి పోయింది,
దడీ పోయింది,
పూలు మాత్రం ఇంకా వరస తప్పలేదు.
ఆ వరస దాటేటప్పుడు ఎందుకో
గుమ్మం తగులుతుందన్నట్టు తల వంచాను.

మావిస్ సముద్రంలోకి చెయ్యి చూపించింది.
"అది మా అమ్మ వంటిల్లు."
ఎక్కడ?
"ఆ అల దగ్గర. కాదు, అది కాదు,
దాని వెనకది."
ఆ వెనకదీ విరిగింది.
ఫ్లాస్కు మూతలో టీ పోసి నాకిచ్చింది.
వంటింటి ఎదురుగా నిలబడి తాగాం.

మా వైపు ఇలాంటి చోటుని పాటిదిబ్బ అంటారని చెప్పాను.
కలరాకో కరువుకో ఊరు లేచిపోయాక
ఆ మట్టిని బండ్లకెత్తి చేలకు తోలేవారని,
పొయ్యి బూడిద, పెంట, కుండపెంకులు,
ఎవరి మెడలోనో తెగిన పూస,
అన్నీ మిరపచేనికి బలమేనని.
నా ఇంగ్లీషులో అది
ఊరిని వండుకు తిన్నట్టు వచ్చింది.
మావిస్ కాసేపు ఆలోచించింది.
"తెలివైన పని" అంది.
"మా ఊరిని చేపలు తిన్నాయి.
ఆ చేపల్ని మేం తిన్నాం."

మూడున్నరకే వెలుతురు సామాను సర్దుకుంది.
కారు లైటులో ఫారం నింపాం:
బాతులు నాలుగువందల పన్నెండు,
ఉల్లంకులు తొమ్మిది,
గుర్తుపట్టనిది ఒకటి.
అక్కడ ఆవిడ పెన్ను ఆగింది.
"అది చూసింది నువ్వా, నేనా?"
ఇద్దరికీ గుర్తు లేదు.
అయినా కొట్టెయ్యలేదు.

గేటు మీద బోర్డు:
ఇక్కణ్ణుంచి రాయి కూడా తీసుకుపోరాదు.

ఇప్స్విచ్‌లో, రెండో అంతస్తులో,
రాత్రి బూట్లు పేపరు మీద బోర్లిస్తే
గుప్పెడు ఇసక, దాన్లో ఓ పింగాణి పెంకు,
గోరంత, అంచున నీలి గీత.
కిటికీలో కొత్తిమీర కుండీ ఉంది.
ఉప్పుమన్ను మొక్కకి మంచిది కాదని తెలుసు.
చిటికెడు వేశాను.
పెంకుని మాత్రం కడిగి
చెంచాల పక్కన ఆరబెట్టాను,
వచ్చే నెల తిరిగి పడేసి రావాలని.